ఆరు బద్దల గాలపు కర్ర

మణివేల రాజ్యపు చిన్న యువరాజు జయకేతు వెదుళ్ళ దీవిలో పడవ దిగేసరికి అతని వీపు మీద గూని ఉంది, ఎడమ కాలు కుంటుతోంది, నడుముకు గోచీ, తలకు చిరుగుల పాగా ఉన్నాయి. గూని దూదితో కుట్టినది. కుంటు తెచ్చిపెట్టుకున్నది. గోచీ మాత్రం నిజంగానే ఒక పడవ మనిషిని అడిగి పుచ్చుకున్నది, దాని వాసనా నిజమైనదే. పన్నీటి స్నానాలకు అలవాటుపడ్డ రాకుమారుడు ఆ వాసనకు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఆకలేసింది, తిన్నాడు.

ఈ వేషం సరదాకు వేసింది కాదు. ఏడేళ్ళ క్రితం అతని అన్న సోమకేతు సముద్ర విహారానికి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ మునిగిందని లోకమంతా అనుకుంది, మహారాణి నగలు తీసి పక్కన పెట్టింది, రాజు వేటకు వెళ్ళడం మానేశాడు. అసలు సంగతి వేరు. పగడపు దిబ్బల మీద నరబలి ఇవ్వడానికి వీల్లేదన్నందుకు ధూమ్రజటుడనే మాంత్రికుడు సోమకేతును చేపగా మార్చి సముద్రంలో వదిలాడు. ఈ సంగతీ, అన్న ఇప్పుడు వెదుళ్ళ దీవి ముందు నీలిమొప్పల పెద్ద చేపగా తిరుగుతున్నాడన్న సంగతీ జయకేతుకు చెప్పినవాడు ఒక ముసలి ముని. చెప్పి ఊరుకోకుండా విమోచన మార్గం కూడా చెప్పాడు కాబట్టి ఆయన మంచివాడే. ఏడేళ్ళు నిండే ఆశ్వయుజ పౌర్ణమి నాడు, సూర్యుడు కుంగే లోపల, ఆ చేపను ప్రాణంతో పొడి ఇసుక మీదికి తెచ్చి, మనిషి అరచేయి తాకించాలి. పొద్దు కుంగితే ఇక ఆ జన్మంతా చేపే.

వల వేస్తే మొప్పలు నలిగి చస్తుంది. బల్లెం మాట ఎత్తనే కూడదు. మామూలు గాలానికి ఎర గుచ్చి వేద్దామంటే, శాపం వల్ల ఆ చేప నీళ్ళలో ఉన్నదేదీ తినదు. నీళ్ళ మీద వాలే రెక్కల ప్రాణి కనబడితేనే పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పోనీ రాజుగారి నౌకాదళాన్నంతా దింపుదామంటే ధూమ్రజటుడి నీటికాకి ఒకటి తీరమంతా తిరుగుతోంది. నిటారుగా నడిచే ఆరడుగుల మణివేల యువకుడు కనబడగానే వచ్చి చెప్పమని దానికి ఆజ్ఞ. అందుకే గూని, అందుకే కుంటు, అందుకే ఆ గోచీ.

వెదుళ్ళ దీవిలో సముద్రం లేని చోట వెదురు, వెదురు లేని చోట సముద్రం. పసుపు వెదురు, నల్ల వెదురు, చారల వెదురు, ముళ్ళ వెదురు, మబ్బుల్ని ఊడ్చేంత ఎత్తున గుబుర్లు గుబుర్లుగా లేచి, గాలి వీచినప్పుడల్లా ఒకదాని భుజం మీద ఒకటి తల పెట్టి ఏవో చెప్పుకుంటూ ఉంటాయి. ఇళ్ళు వెదురు, వంతెనలు వెదురు, ఊయలలు వెదురు, ముసలివాళ్ళ చేతికర్రలు వెదురు. ఆ దీవిలో గాలపు కర్రలు కట్టడంలో నూకాలమ్మను మించినవాళ్ళు లేరు. ఆమెకు యాభై దాటాయి. చేతులు జిగురు మరకలతో గట్టిపడి ఉంటాయి, నోరు ఇంకా గట్టిది.

దీవిలో పెద్ద ఆడవాళ్ళను అప్పా అని పిలవడం మర్యాద. జయకేతు ఆ మర్యాద నేర్చుకునే వెళ్ళాడు.

"నా పేరు పోలయ్య, అప్పా. నాకొక గాలపు కర్ర కావాలి" అన్నాడు.

"ఏ సేపకి?" అంది ఆమె, చేతిలో చీలుస్తున్న వెదురు మీంచి కళ్ళెత్తకుండా.

"ఎద్దంత ఉంటుంది."

"ఎద్దంత సేపకి వల గావాల. నాలుగు పడవలు గావాల. కర్రేటి?"

"ప్రాణంతో కావాలి, అప్పా. నోటికి తప్ప ఒంటికి గాయం కాకూడదు. పైగా అది రెక్కల ఎరకు తప్ప పైకి రాదు."

అప్పుడు నూకాలమ్మ కత్తి పక్కన పెట్టింది. ఇన్నాళ్ళకు పనికొచ్చే బేరం ఒకటి వచ్చిందన్న సంతోషం ఆమె మొహంలో దాగలేదు.

"ఈకల ఎరకి బరువుండదు. రాయి కడితే మునిగిపోద్ది. కాబట్టి ఎగరాల్సింది ఎర కాదు, తాడు. తాడుని ఎగరేసేది కర్ర. ఆ కర్ర కొరడాలాగ ఊగాల, ఎద్దు లాగినా ఇరగకూడదు. ఒంటి ఎదురు పనికిరాదు. ఆరు బద్దలు సీల్చి, ఆరూ కలిపి ఒక్కటి సెయ్యాల. నెల పడతాది."

పౌర్ణమికి సరిగ్గా నెలరోజులు ఉంది. జయకేతు సరేనన్నాడు.

ఆ దీవిలో గాలపు కర్రను చేపకు కొలిచి చెయ్యరు, మనిషికి కొలిచి చేస్తారు. అదీ ఒక్క పూటలో తేలే కొలత కాదు. నూకాలమ్మ మూడు రోజులు అతన్ని ఇంట్లో పెట్టుకుంది. నీళ్ళు మోయించింది, కట్టెలు కొట్టించింది, చెట్టు ఎక్కమంది, దిగమంది, తినేటప్పుడు ముద్ద ఏ ఎత్తు నుంచి నోటికి వెళుతుందో చూసింది. నార తాడుకు ముడులు వేసుకుంటూ అతని జానా, మూరా, గూని వంపూ, కుంటికాలు నేల మీద ఆనే తీరూ అన్నీ కొలిచింది. ఇంటి దూలం మీద నీటికాకి వచ్చి వాలుతూ ఉండడం వల్ల జయకేతు నిజం చెప్పలేకపోయాడు. చెప్పకపోగా, వేషం కట్టడంలో రాజవంశపు పట్టుదలంతా చూపించాడు. ఎవరూ చూడనప్పుడు కూడా కుంటాడు. ఇంత బాగా అబద్ధమాడినందుకు తనలో తను మెచ్చుకున్నాడు కూడా.

నాలుగో రోజు పొద్దున్న నూకాలమ్మ కొడవలి చేతికిచ్చింది.

"గాలికొండకి తూర్పు పక్కన రాచవెదురు పొద ఉంది. సముద్రం గాలికి ఒంగి, లేచి, ఒంగి పెరిగిన ఎదురు. దాన్ని పట్రా. ఎరకి ఈకలు కూడా అక్కడే దొరుకుతాయి. పొద మీద ఓ పిట్ట ఉంటాది, కాస్త సూసుకో" అంది.

ఆ పిట్ట గండభేరుండం. రెండు తలలు, రెండు కొడవళ్ళ ముక్కులు, పగడపు రంగు కళ్ళు నాలుగు, మెడల మీద నెమలి నీలం, రెక్కల అంచున బంగారు పొడి చల్లినట్టు మెరుపు, తోకలో ఒక్కొక్క ఈక మనిషి చెయ్యంత పొడుగు. అది రెక్కలు విప్పితే కొండకు ఆ పక్కనున్న పల్లెలో దీపాలు పెట్టుకుంటారు. జయకేతు కొండ చరియ పట్టుకుని పాకుతూ పొద దగ్గరికి చేరి కొడవలి ఎత్తాడో లేదో, ఆకాశం మూసుకుపోయినట్టయింది. పెద్ద గోళ్ళు దిగబడ్డాయి. దిగబడింది గూనిలో. గండభేరుండం దూది గూనిని పట్టుకుని, దానికి వేలాడుతున్న రాకుమారుడితో సహా సముద్రం మీదికి లేచింది.

కింద రాళ్ళు, రాళ్ళ మధ్య నురుగు. దర్జీ కుట్టు ఎంతసేపు ఆగుతుంది? పర్రుమని చిరిగింది. దూది గాలిలో మేఘాలతో కలిసిపోయింది, జయకేతు తలకిందులుగా రాలాడు. రాలుతూ రాలుతూ కొండ అంచు నుంచి ముందుకు వంగి ఉన్న ఒక రాచవెదురు కొసను రెండు చేతులా పట్టుకున్నాడు. వెదురు వంగింది. ఇంకా వంగింది. అతని కాళ్ళకు అల నురుగు తగిలే దాకా వంగింది. ఇక విరుగుతుందని అతను ఇష్టదైవాన్ని తలుచుకునే లోపల, వంగినంత వేగంతోనూ లేచి అతన్ని తిరిగి ఆకాశంలోకి విసిరింది. ఎదురుగా గండభేరుండం తోక. చేతికి అందింది పట్టుకున్నాడు. ఈక ఒకటి ఊడి వచ్చింది, అతను మళ్ళీ అదే వెదురు మీద పడ్డాడు.

పైన పక్షి రెండు తలలూ, వేటను నువ్వు వదిలావంటే నువ్వు వదిలావని ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. ఆ తగువు తేలే లోపల జయకేతు తనను కాచిన ఆ వెదురుకే దండం పెట్టి, దాన్నే మొదలంటా నరికి, భుజాన వేసుకుని కొండ దిగాడు. దిగేముందు ఖాళీ గూనిలో ఎండుగడ్డి కూరుకోవడం మరిచిపోలేదు. ఆ గడ్డి దురద పెట్టడం మాత్రం నెలంతా మానలేదు.

ఇక పని మొదలైంది. నూకాలమ్మ వెదురును నిలువునా చీల్చింది. ఒక్కొక్క బద్దనూ ఇనుప గాడిలో పెట్టి మూడు అంచులు తేలేలా చిత్రిక పట్టింది. వేలితో మీటి చప్పుడు వింది. మందకొడిగా పలికిన బద్దను పొయ్యిలో పెట్టింది, గణగణలాడిన దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మంచి బద్దలు ఆరు తేలాక వాటిని నిప్పుల సెగ మీద వేగిన నువ్వుల రంగు వచ్చేదాకా తిప్పింది. ఒక బద్ద కణుపు పక్కన మరో బద్ద కణుపు రాకుండా ఎగుడుదిగుడుగా పేర్చి, చేపతోలు మరిగించిన జిగురు పూసి, ఆరింటినీ కలిపి పట్టుదారంతో బిగించింది. ఆ జిగురు వాసన ముందు జయకేతు గోచీ వాసన పారిజాతం.

జిగురు ఆరే పన్నెండు రోజుల్లో ఇద్దరూ ఊరుకోలేదు. పట్టు దారాలు పేని తాడు అల్లారు. నడిమిన లావు, కొసకు పోనుపోను సన్నం. తేనెమైనం రాశారు. తాడు జారడానికి రాగి ఉంగరాలు చేసి కర్ర పొడుగునా కట్టారు. ఐదు వందల బారల తాడు చుట్టుకునే పనసచెక్క రాట్నం ఒకటి కర్ర మొదలు దగ్గర బిగించారు. కర్ర అడుగున దున్నకొమ్ము పిడి, చేప లాగినప్పుడు పొట్టకు ఆనించుకోవడానికి. గాలానికి ఈక కట్టారు గానీ వెనక్కు తిరిగే ముల్లు పెట్టలేదు. ముల్లుంటే నోరు చీలుతుంది. ముల్లు లేకపోతే తాడు ఒక్క క్షణం వదులైనా చేప ఊడిపోతుంది. "ఆ బాద్యత కర్రది" అంది నూకాలమ్మ.

ఆ నెల రోజులూ జయకేతు సుఖంగా ఉన్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, రత్నకంబళ్ళ మీద కూర్చున్న ఇరవై మూడేళ్ళలో అతనికి అంత తృప్తి కలగలేదు. పొద్దున్నే గంజి, ఎండుచేప, పని. మధ్యాహ్నం అన్నం, పని. చెక్క మీద చేయి పెడితే నునుపు తెలియడం మొదలైంది, తెలిసినందుకు లోపల గర్వం కలిగింది. అన్న గుర్తొచ్చినప్పుడు మాత్రం చేయి ఆగిపోయేది. సోమకేతే అతనికి ఈత నేర్పాడు, గుర్రం నేర్పాడు, తండ్రి కోప్పడినప్పుడల్లా అడ్డం వచ్చాడు. అన్న లేని కోటలోకి తిరిగి వెళ్ళడం జయకేతుకు ఇష్టం లేదు.

పౌర్ణమి పొద్దున్న ఇద్దరూ కర్రతో శంఖుతిప్పకు చేరారు. అది సముద్రంలోకి నాలుకలా పొడుచుకు వచ్చిన ఇసుక తిప్ప. దాని ముందు లోతు నీటిలో నీలిమొప్పల పెద్ద చేప తిరుగుతుందని దీవి జాలరులు ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు. నూకాలమ్మ వెంట జిగురు కుండా, కుంపటీ తెచ్చుకుంది. కర్ర మొదటిసారి నీటి మొహం చూసేనాడు జిగురు కుండ దగ్గర లేకుండా ఆమె ఇల్లు కదలదు.

నీటికాకి ఎక్కడా కనబడలేదు. అన్నను రక్షించే వేళ అయినా రాకుమారుడిలా ఉందామని జయకేతుకు అనిపించింది. నడుము చాచి నిటారుగా నిలబడి, కర్రను వెనక్కు ఊపి ముందుకు విసిరాడు. తాడు నేరుగా వచ్చి అతని మెడకు చుట్టుకుంది. రెండోసారి గాలం పాగాను ఎగరేసుకుపోయింది. మూడోసారి నూకాలమ్మ వంగబట్టి సరిపోయింది, లేకపోతే ఆమె చెవి పోయేది.

ఆమె అతని వెనక్కు నడిచి గూని మీద ఒక్క చరుపు చరిచింది. గడ్డి రాలింది.

"ఇదేటి?"

"గడ్డి, అప్పా."

"కాలు?"

"బాగానే ఉంది."

"పేరైనా పోలయ్యేనా?"

జయకేతు దాచకుండా అంతా చెప్పాడు. విన్న నూకాలమ్మ ఇసుకలో చతికిలబడింది.

"నెల దినాలు లేని మనిషికి కర్ర కట్టినాను. వంగిన నడుముకి వంపు పెట్టినాను. కుంటికాలికి మొదలు బరువు తగ్గించినాను. రాజుబిడ్డవైతే నీ కోటలో. కొలత కాడ అబద్ధమాడతావేటి? ఈ దీవిలో దొంగలు కూడా కొలత కాడ నిజం సెప్తారు."

జయకేతు ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. "మా అన్న, అప్పా. సాయంత్రం దాటితే ఇక లేడు. ఇంకో కర్ర కట్టడానికి ముప్పై గడియలు కూడా లేవు. నా అతితెలివితో నేనే చంపుకున్నాను."

నూకాలమ్మకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఏడవకు. కర్ర మంచిదే, మనిషే తప్పు. ఎవడికి కట్టినానో ఆడిని పిలు."

"ఎవరిని?"

"పోలయ్యని. నడుం ఒంచు. ఎడం కాలు ఈడ్చు. ఆ కుంటోడైతే ఈ కర్రతో సేపేటి, తిమింగలాన్ని కూడా తెస్తాడు."

ఆమె రాలిన గడ్డిని తిరిగి గూనిలో కూరింది. జయకేతు వంగాడు. కాలు ఈడ్చాడు. నెలరోజులు నీళ్ళు మోసినట్టే భుజం వాల్చి కర్ర ఊపాడు. ఈసారి కర్ర అతని చేతిలో మేలుకుంది. మైనం రాసిన పట్టుతాడు వెనక్కు లేచి ఆకాశంలో బంగారు గీత గీసి, ఒక్క క్షణం అక్కడే ఆగి, చుట్ట విప్పుకుంటూ ముందుకు సాగి సాగి, నలభై బారల దూరంలో గండభేరుండపు ఈకను నీటి మీద వాల్చింది. నీలం ఈక, బంగారు అంచు, వాలిన చోట నీటి మీద చిన్న వలయం. నూకాలమ్మ చేసిన కర్ర అది. ఆమె మొహం చాటంతైంది.

మధ్యాహ్నం దాకా విసిరాడు. చేయి తిమ్మిరెక్కింది, గడ్డి దురద పెట్టింది, ఒక్క చేపా పైకి రాలేదు. పొద్దు పడమటికి వాలుతుండగా ఈక కింద నీరు ఉబ్బింది. నీలిమొప్పలు, వెండి పొట్ట, ఎద్దంత ఒళ్ళు. నోరు తెరిచి ఈకను మింగి, తోక ఒక్కటి విదిల్చి లోతుకు దూకింది.

రాట్నం గిర్రున తిరిగింది. వంద బారలు, రెండు వందలు, మూడు వందలు. కర్ర కొస నీటిని తాకేటంత వంగింది, విరగలేదు. జయకేతు కొమ్ము పిడిని పొట్టకు ఆనించి, చేప అటు పోతే ఇటు కుంటి, ఇటు వస్తే అటు కుంటి, తాడు వదులు కాకుండా కాశాడు. నాలుగు వందల బారలు పోయాక చేప ఆగింది. కొంత చుట్టాడు. అది మళ్ళీ లాగింది. మళ్ళీ చుట్టాడు. ఇద్దరిలో ఎవరు ముందు అలసిపోతారా అని నూకాలమ్మ గుటకలు మింగుతూ చూసింది.

తీరం ముప్పై బారలు ఉందనగా చేప గాలిలోకి ఎగిరింది. దాని కన్నులో మనిషి చూపు కనబడగానే జయకేతు మనసు పట్టు తప్పింది. "అన్నా" అని కేక పెట్టి, ఒళ్ళు మరిచి నిటారుగా నిలబడ్డాడు. కర్రలో ఠప్పుమని ఒక బద్ద చిట్లింది. ఎక్కడి నుంచి వచ్చిందో నీటికాకి తలమీదుగా ఒక చుట్టు తిరిగి, అరుచుకుంటూ సముద్రం మీదికి పోయింది.

అది పోయిన దిక్కునే నల్లటి పొగ లేచింది. పొగ తిప్ప పక్కనున్న పలక బండ మీద వాలి ధూమ్రజటుడయింది. బూడిద రంగు ఒళ్ళు, పుర్రెల కంఠహారం, నెత్తి నుంచి పాదాల దాకా జారి బండ మీద ఏడు బారలు పరుచుకున్న జడలు.

"ఓరీ రాచకుంకా, గూని కట్టుకుని నన్ను మోసగింప జూచితివా? నీ అన్న గతియే నీకునూ. కాచుకొమ్ము" అని గర్జించాడు. అతని మంత్రం పారాలంటే ఉన్నచోట మూడు చుట్లు తిరగాలి. తిరగడానికి కాలెత్తాడు.

నూకాలమ్మ కుంపటి మీది జిగురు కుండను గుడ్డతో పట్టుకుని అప్పటికే బండ ఎక్కింది. కుండ సగం ఆ జడల మీద ఒంపింది, మిగిలిన దాంట్లో ఇంకాస్త అతని పాదాల దగ్గర పోసింది. చేపతోలు జిగురు లోపలి దాకా ఆరడానికి పన్నెండు రోజులు పట్టినా, సముద్రపు గాలికి పైపైన రెప్పపాటులో పట్టేసుకుంటుంది. ధూమ్రజటుడు ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయాడు. జడలు బండకు, పాదాలు జడలకు, వంగి పీక్కోబోతే గడ్డం చేతులకు అంటుకున్నాయి.

"ఈ స్త్రీ ఎవతె?" అన్నాడు నోరు సగం తెరిచి.

"కర్రలు కడతాను బాబూ. కదలకండి, కదిలితే ఇంకా పట్టీసుకుంటాది" అని చెప్పి ఆమె కిందికి దూకింది. కుండ అడుగున మిగిలిన జిగురు చిట్లిన బద్దకు పూసి, కొంగు చించి కట్టుకట్టింది. చేప లాగుతూనే ఉంది, ఆమె కడుతూనే ఉంది. "ఐదు బద్దలున్నాయి. ఒంగు, పోలయ్యా."

పోలయ్య వంగాడు. ఐదు బద్దలు ఆగాయి. చివరి పది బారలు చేప పోరాడలేదు. అల దాన్ని ఇసుక మీదికి తోసింది, జయకేతు కుంటుకుంటూనే పరుగెత్తి గాలం తీసి, దాని నుదుటి మీద అరచేయి పెట్టాడు. వెండి పొలుసులు జలజలా రాలాయి. మొప్పలు మూసుకున్నాయి. రెక్కలు చేతులయ్యాయి.

ఇసుక మీద దగ్గుతూ లేచి కూర్చున్నది ముప్పై ఏళ్ళ ఆడమనిషి. నూకాలమ్మ తన పైగుడ్డ తీసి కప్పింది. జయకేతు చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"నువ్వెవరివి? మా అన్న ఏడీ?"

ఆమె మాట కోసం కాసేపు తడుముకుంది. ఏడేళ్ళుగా మాట్లాడలేదు కదా.

"నా పేరు తవిటమ్మ. శంఖాలకి మునుగుతాను. ఆ దినం రాజుబాబు పడవ తిరగబడిపోతే నాను దూకినాను. పట్టుకున్నాను కూడా. అంతలోకి ఆ జడలోడు ఇద్దర్నీ సేపల్ని సేసినాడు."

"ఇద్దరా?"

"ఇద్దరం. నాకు పోనుపోను అన్నీ మరుపొచ్చీసినాయి. మా ఇల్లు, మావోళ్ళు, ఏటీ గుర్తునేదు, ఇప్పుడు నీ సెయ్యి తగిలినాకే అన్నీ మళ్ళీ తెలిసినాయి. ఆయన మరవనేదు. రోజూ నా పక్కనే ఈదేవోడు, నన్నొగ్గి ఎటూ పోయేవోడు కాడు. ఇందాక ఆ ఈక వాలితే ఇద్దరం సూసినాం. నాకది పురుగు. అది ఏటో ఆయనకి తెలుసు, ఎవరి కోసమో కూడా తెలుసు. ముక్కుతో నన్ను తోసినాడు. నాను ఎనక్కొస్తే మళ్ళీ తోసినాడు. నాను మింగినాక గానీ పక్కకి తప్పుకోనేదు."

జయకేతుకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. అన్న బతికే ఉన్నాడు, అన్న అన్నగానే ఉన్నాడు. సముద్రం అంచున సూర్యుడు రెండు జానల ఎత్తున ఎర్రబడుతున్నాడు.

"ఏడుపు తరవాత" అంది నూకాలమ్మ. "ఈక తడిసిపోనాది, ఊది ఆరబెట్టు."

తవిటమ్మ ఈకను రెండు చేతులా పట్టుకుని ఊదింది. నూకాలమ్మ రాట్నం మీద తాడు సరిచేసింది. పలక బండ మీద ధూమ్రజటుడు పళ్ళతో జడలు ఒక్కొక్కటే కొరికి తెంపుకుంటున్నాడు. జయకేతు నీళ్ళలోకి మోకాలు లోతు దిగి, నడుము వంచి, కర్ర విసిరాడు. కట్టు కట్టిన చోట కర్ర కిర్రుమంది. తాడు ఎర్రటి ఎండలో విప్పుకుంటూ పోయి ఈకను దూరంగా వాల్చింది.

కొంతసేపు ఏమీ లేదు. సూర్యుడు జానెడయ్యాడు. తరవాత లోతులోంచి ఒక నీడ లేచింది. అది ఇందాకటి చేపకు రెండింతలుంది. ఈక కింద ఆగింది, తొందరపడలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, ఇంకెవరూ మిగల్లేదని చూసుకుని, నోరు తెరిచి ఈకను మెల్లగా అందుకుంది.

తాడు బిగిసింది. వెనక బండ మీద ఆఖరి జడ తెగిన చప్పుడు, దాని వెంటే కాలు ఎత్తి వేసిన చప్పుడు వినిపించాయి. నూకాలమ్మ ఖాళీ కుండను ఆ మాంత్రికుడి నెత్తిన బోర్లించడానికి అటు పరుగెత్తింది. జయకేతు తల తిప్పలేదు. కొమ్ము పిడిని పొట్టకు ఆనించుకుని, "రా అన్నా, ఇప్పుడు నీ వంతు" అంటూ చుట్టడం మొదలుపెట్టాడు.